బిడ్డ పుట్టక ముందే



బీడీ అలవాటైన కొడుకును మందలించమని తల్లిదండ్రులు నన్ను పిలుస్తుంటారు. "మీరు చెబితే వింటాడు అయ్యగారూ" అంటారు. నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఈ ఇంట్లో ఇంకా ఎవరు తాగుతారు?

శ్రీకాకుళం ప్రాంతపు పల్లెల్లో స్త్రీలు అడ్డపొగ తాగడం పాత అలవాటు. నిప్పున్న వైపు నోట్లో ఉంచుకొని చుట్ట కాలుస్తారు. దానివలన అంగిలికి క్యాన్సర్ వస్తుందని చాలామంది విన్నారు. కాని కడుపులోని బిడ్డ గురించి ఆలోచించేవారు తక్కువ. పొగలోని నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తం నుండి మావి దాటి బిడ్డకు చేరతాయి. బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. నెలలు నిండక ముందే, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. పక్కన కూర్చొని భర్త వదిలే పొగ కూడా హానికరమే.

సంగతి అంతటితో ఆగదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1981-84 మధ్య గర్భవతులుగా ఉన్న తల్లుల పిల్లలను 21 ఏళ్ల వయసు వరకు గమనించారు. గర్భకాలంలో పొగ తాగిన తల్లుల పిల్లల్లో ఆ అలవాటు ఎక్కువగా కనబడింది. ఆ నెలల్లో మానుకున్న తల్లుల పిల్లలు మాత్రం, ఎన్నడూ తాగని తల్లుల పిల్లలకు దగ్గరగా ఉన్నారు. కారణం గర్భంలో సోకిన పొగా, ఇంటి వాతావరణమా అని శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తున్నారు. ఏదైనా మందు ఒక్కటే: పెద్దలు మానడం.

మన ఇళ్లలో తాత చుట్టను పొయ్యి దగ్గర వెలిగించి తెచ్చేది మనవడే. దారిలో ఆరిపోకుండా ఒక దమ్ము లాగుతాడు. అదే మొదటి పాఠం. నాన్న బీడీకట్ట కోసం కొట్టుకు పరుగెత్తేదీ వాడే. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మరాదని 2003లోనే చట్టం వచ్చింది.

న్యాయాధిపతుల గ్రంథంలో మానోహ భార్యకు, బిడ్డ పుట్టక ముందే ద్రాక్షారసం, మద్యం మానుకోమని దూత చెప్పాడు. కొడుకు పెంపకం తల్లి నోటితోనే మొదలైంది.

మా సంఘంలో ఒక కోడలికి నెల తప్పింది. చుట్ట మానలేక ఏడ్చింది. అత్త తిట్టలేదు. "నేనూ మానేస్తానే అమ్మా, ఇద్దరం కలిసి మానేద్దాం" అంది. భర్త బీడీకట్ట పారేశాడు. వారు రెండుసార్లు ఓడిపోయారు, మూడోసారి నిలబడ్డారు.

కాబట్టి గర్భవతిని ఒంటరిగా నిందించకండి. ఇల్లంతా కలిసి మానండి. ఆరోగ్య కార్యకర్తను సలహా అడగండి. కొడుకును మందలించడానికి నన్ను పిలిచే రోజు రాకముందే ఆ పని చేయండి.