బొంగురు గొంతు

మొన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ వద్ద ఆటో కోసం నిలిచి ఉండగా మా మనవడు ఫోనులో ఒక పాట పెట్టాడు. "నీకిష్టమైన పాటే కదా తాతయ్యా!"

'వుయ్ ఆర్ ద వరల్డ్'. (తెలుగు పండితుడికి ఈ పాటేమిటని నవ్వకండి, మా బడి ఇంగ్లీషు మాస్టారు క్యాసెట్టు అరిగేలా వినిపించారు.) కానీ ఇది ఇథియోపియా క్షామపీడితుల కోసం 1985లో పాడినది కాదు, హైతీ భూకంపబాధితుల కోసం 2010లో తిరిగి పాడినది.

ఉద్దేశాన్ని తప్పుపట్టను. హైతీలో పుట్టిన వైక్లెఫ్ జాన్ తమ క్రియోలు భాషలో పాడినప్పుడు మనసు కదిలింది కూడా. కానీ నాడు బాబ్ డిలన్ బొంగురుగా పాడిన పాదాలను లిల్ వేన్ ఆటోట్యూన్‌తో పాడగా విని ఉసూరుమన్నాను. ఆ యంత్రం అపశ్రుతిని దిద్దుతుందట. అర్థించే గొంతుకు దిద్దుబాటెందుకు?

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత ఎన్.టి.ఆర్., ఏ.ఎన్.ఆర్. వంటివారే జోలె పట్టారు. మా విద్యార్థి బృందమూ పటమట వీధులలో పాడుతూ బట్టలు పోగుచేసింది. ఒక ఇంటి ముంగిట నా గొంతు పూడుకుపోయి పాట ఆగింది. లోపలినుండి ఒక అవ్వ వచ్చి, దండెం మీది చీర తీసి, తడిగానే నా చేతులలో పెట్టింది.

మనవడికి ఇది చెప్పేలోగా ఆటో వచ్చింది.