చారల దుస్తుల బాలికలు

1944వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు, ఈస్ట్ ఆరెంజ్ పట్టణపు ఉన్నత పాఠశాల బాలికలు ఎఱుపు తెలుపు చారల గుడ్డతో తామే దుస్తులు కుట్టుకొని ఆసుపత్రిలో సేవకు బోయిరి. ఆ చారలు మిఠాయిని దలపించుటచే వారికి క్యాండీ స్ట్రైపర్లను పేరు గలిగెను. నీళ్లందించుట, ఉత్తరములు చదివిపెట్టుట, పూలు చేర్చుట వారి పనులు. ఇప్పుడా పేరు అక్కడను పాతబడినది.

జహనుమాలోని మా తరగతిలో దీనిని జెప్పితిమి. చెప్పుట సులువు. ఒక బాలిక లేచి, “సారూ, మేము గూడ మూసీ దాటి ఉస్మానియా ఆసుపత్రికి పోవచ్చునా?” అని యడిగెను. 1908 నాటి వరదలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పాడైన పిమ్మట వెలసిన ఆసుపత్రి యది. మాకు నోట మాట రాలేదు. జబ్బులంటుననియు, పెద్దలు కోపింతురనియు సాకులు చెప్పి కూర్చుండబెట్టితిమి. (శిక్షణ కళాశాలలో ఇట్టి ప్రశ్నకు జవాబు మాకెవరును నేర్పలేదు.)

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గతయేడు మా తల్లిగారు ఒక ఆసుపత్రిలో నుండగా, బడి మానలేక మేము సాయంకాలమే పోవుచుంటిమి. పగలెల్ల ప్రక్క మంచపు రోగి మనుమరాలు, పన్నెండేండ్ల పిల్ల, ఆమెకు నీళ్లందించెడిది, తల దువ్వెడిది. ఆ పిల్ల పేరైనను మేమడిగియుండలేదు.

మఱునాడు మా బాలిక తండ్రిగారికి జాబు వ్రాసి, ఆమె చేతికే యిచ్చి పంపితిమి. జవాబింకను రాలేదు.