మెహందీ అమ్మాయికి ఇచ్చే డబ్బు

మా అనంతసాగరం వైపు పెళ్లి కుదిరిందంటే ఇప్పుడు వంటవాళ్లు, ఫోటోలవాళ్లతో పాటు మెహందీ పెట్టే అమ్మాయిని కూడా ముందే మాట్లాడుకోవాలి. ముహూర్తాలు ఎక్కువున్న నెలలో ఆత్మకూరులో వెతికినా దొరకడం కష్టం. మా చిన్నప్పుడు ఈ బాధ లేదు. పెరట్లో చెట్టు, రోలు, ఆకు దూయడానికి పిలకాయలు. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకి టోపీలు. ఆషాఢమైనా, అట్లతద్దైనా, పెళ్లైనా అదే ముద్ద. పొద్దున లేస్తే దుప్పటి నిండా మరకలు, ఎవరి చెయ్యి బాగా పండిందో పోటీలు.

నిరుడు మా ఆడపడుచు కూతురి పెళ్లికి ఒక అమ్మాయిని మాట్లాడాం. పెళ్లికూతురికి మోచేతుల దాకా, కాళ్లకి, ఇంటి ఆడవాళ్లకి ఆరు చేతులు. అదీ ఒప్పందం. ఆ అమ్మాయి అడిగింది విని, "ఆకు పూయడానికి ఇంత డబ్బా?" అన్నారు పెద్దవాళ్లు. ఫోటోలవాళ్లు చెప్పినదానికి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. మధ్యాహ్నం కూర్చుంటే పెళ్లికూతురి పని అయ్యేసరికి దీపాలు పెట్టేశాం. వంచిన మెడ ఎత్తలేదు. తర్వాత మొదలైంది అసలు సంగతి. "నాకో పువ్వు పెట్టమ్మా", "మా పాపకి చిన్నది చాలు" అంటూ ఒకరి తర్వాత ఒకరు చెయ్యి చాపారు. ఆ పిల్ల కాదనలేకపోయింది. నేను లెక్కబెట్టాను. ఆరు చేతులు కాస్తా పంతొమ్మిదయ్యాయి. అప్పటికి రాత్రి పది. ఊరికి పోయే బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

"వదినా, మిగతా పదమూడు చేతులకి కూడా ఇవ్వాలి కదా" అన్నాను.

"కాసేపు గీసినదానికి కూడా లెక్కలా?" అంది.

"నువ్వు ముప్పై ఏళ్లు వండి వార్చినదానికి ఎవరూ లెక్క కట్టలేదు. అందుకే మనకి ఆడపిల్ల పని పనిలా కనపడదు వదినా" అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, వదిన మాట్లాడలేదు. కాసేపటికి లేచి బీరువా తీసింది. ఆ పిల్లకి అన్నం పెట్టి, ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకోబెట్టాం.

పడుకునే ముందు ఆ అమ్మాయి చెప్పిన మాటలు కొన్ని మీకూ పనికొస్తాయి. తను కోన్లు కొనదు. జల్లించిన గోరింటాకు పొడిని నిమ్మరసం, చక్కెర, కాస్త నీలగిరి తైలంతో కలిపి నానబెడుతుంది. ఆకులో ఉండే లాసోన్ అనే పదార్థమే చర్మానికి పట్టి పండుతుంది. అది నారింజ రంగుతో మొదలై ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపుకి తిరుగుతుంది. అందుకే పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టించుకోవాలి. ఎండాక నీళ్లతో కడక్కుండా గీకేయాలి. ఆ పూటంతా చేతులు తడపకూడదు.

ఉత్త గోరింటాకు నల్లగా పండదు. పది నిమిషాల్లో నల్లగా పండుతుందన్న కోన్‌లో తలకి వేసే రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలిసి ఉండొచ్చు. దాంతో కొందరికి బొబ్బలు లేచి మచ్చలు మిగులుతాయి. పిలకాయల చేతులకి అసలే వద్దు. కొత్త కోన్ ఏదైనా నాలుగు రోజుల ముందు మణికట్టు దగ్గర చుక్క పెట్టి చూసుకోండి.

ఇక మాట్లాడుకునేటప్పుడు ఎన్ని చేతులో, ఎక్కడి దాకానో ముందే చెప్పండి. పైన పెట్టించుకునేవాళ్లు ఎవరి డబ్బు వాళ్లిస్తారని చుట్టాలకీ చెప్పండి. వేళకి అన్నం పెట్టండి, రానుపోను చార్జీలు కలపండి. చీకటి పడితే ఇంట్లో మగవాళ్లనొకరిని తోడిచ్చి ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి రమ్మనండి.