రెండు గీతలు, ఒక కుందేలు

పిన్ని కూతురు రమ్మంటే హైదరాబాద్‌లో తను పనిచేసే ల్యాబ్‌కి వెళ్లాను. యంత్రాలన్నీ తిప్పి చూపాలని తన ఉబలాటం. నా చూపు తన చేతుల దగ్గరే ఆగిపోయింది. అరచేయంత తెల్లటి పొరను పట్టకారుతో ఎత్తి, ఐదు శాతం పాలపొడి కలిపిన ద్రావణంలోకి జారవిడిచింది. డబ్బా ఉయ్యాలలా ఊగుతోంది.

“పాలెందుకమ్మా?”

“యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా, అన్నయ్యా. ఖాళీ జాగాలన్నీ పాల ప్రోటీన్లు ముందే ఆక్రమించేస్తాయి.”

ఆ యాంటీబాడీతో తను వెతికేది హెర్గ్ అనే ప్రోటీన్‌ని. గుండె కణాల్లోంచి పొటాషియంను బయటికి వదిలే వాకిలి అది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్లీ సేదతీరడానికి అది తెరుచుకోవాలి. టెర్ఫెనడిన్ అనే అలెర్జీ మాత్ర ఈ వాకిలిని మూసి గుండె లయ తప్పించడం వల్లే 1990లలో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. ఆ తర్వాత చాలా కొత్త మందులకు హెర్గ్ పరీక్ష తప్పనిసరైంది.

ఆ తెల్లటి పొర మీద, అంటే బ్లాట్‌లో, హెర్గ్ రెండు గీతలుగా కనిపిస్తుంది. 135 కిలోడాల్టన్ల దగ్గరిది కణం లోపల ఇంకా తయారవుతున్న సరుకు. 155 దగ్గరిది చక్కెర గొలుసులు పూర్తిగా తొడుక్కున్నది, కణం పైపొరకు చేరగలిగినది. కొన్ని జన్యులోపాల్లో కింది గీత ఉంటుంది, పైది మాయమవుతుంది. ప్రోటీన్ పుట్టింది గానీ చేరాల్సిన చోటికి చేరలేదన్నమాట. నమూనాను తను మరిగించలేదు. మరిగిస్తే ఇలాంటి ప్రోటీన్లు ముద్దకడతాయట.

తన గోడంతా యాంటీబాడీ సీసా గురించే. అది కుందేలుకు సూది వేసి తీసిన సీరం. కుందేలు పోతే సీరమూ పోయినట్టే. అదే పేరుతో, అదే కేటలాగ్ నంబరుతో వచ్చిన కొత్త సీసా, హెర్గ్ లేని కణాల వరుసలోనూ గీత చూపించింది. రెండు వారాలు నీళ్లపాలు. అమ్మినవాళ్లేమో “మీ పద్ధతి సరిచూసుకోండి” అన్నారట.

నాకు చిర్రెత్తింది. ఒకే రకం యాంటీబాడీని తరగకుండా తయారుచేసే దారి కోలర్, మిల్‌స్టైన్ 1975లోనే చూపారు. యాంటీబాడీ సీక్వెన్స్ తెలిస్తే ఇప్పుడు జంతువుతోనూ పనిలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో జేమ్స్ ట్రిమ్మర్ బృందం పొటాషియం ఛానెళ్లవి సహా ఎన్నో యాంటీబాడీల సీక్వెన్సులను అందరికీ అందుబాటులో పెట్టింది. అయినా చాలా పరిశోధనా పత్రాల్లో సీసా ఏ విడతదో చెప్పే లాట్ నంబరు కనబడదు, వెతికే ప్రోటీన్ లేని కణాల వరుసా కనబడదు. ఇక ఆ పనిని మళ్లీ చేసి చూసేదెవరు?

సాయంత్రానికి తెర మీద బొమ్మ వచ్చింది. పాత సీసా అడుగున మిగిలిన చివరి చుక్కలు పట్టించిన పొర అది. రెండు గీతలు, పక్క వరుస శుభ్రం. తను ఖాళీ సీసా లేబుల్‌ను గోటితో ఊడదీసి నోట్‌బుక్‌లో అంటించింది. లాట్ నంబరు కింద పెన్నుతో మరో రెండు గీతలు గీసింది.