పప్పుడకని నీళ్ళలో నియాన్ చేప

తిరుపతి నుంచి కొండకి బస్సెక్కినవాళ్ళు కిటికీలోంచి లోయని చూస్తారు, మలుపుల్ని చూస్తారు, అదృష్టం ఉంటే ఓ జింకని చూస్తారు. రాళ్ళని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట రాయి వరసే మారిపోతుంది. కింద గరుకు గ్రానైటు. దానిమీద అప్పడాలు దొంతర పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. భూగర్భశాస్త్రం వాళ్ళు ఆ చోటుకి ‘ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ’ అనే నోరు తిరగని పేరు పెట్టి, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. పై రాయికీ కింది రాయికీ మధ్య కనిపించేది ఒక గీత. వయసులో తేడా ఎనభై కోట్ల ఏళ్ళట! గోవిందనామాలు చెప్పుకుంటూ ఆ గీతని మనం ఒక్క నిమిషంలో దాటేస్తాం.

వంటింటి పేజీల పక్కన ఈ రాళ్ళ గోలేమిటంటారా? ఆ గీతకి పైన నీళ్ళ తీరు వేరు, కింద నీళ్ళ తీరు వేరు. పప్పు ఉడకడం, సబ్బు నురగ రావడం, హాల్లో అద్దాల తొట్టిలో చేప బతకడం, అన్నీ ఆ తేడా మీదే నడుస్తాయి.

క్వార్ట్‌జైటు అంటే దాదాపు అంతా ఇసకే. గట్టిపడి, మళ్ళీ గట్టిపడి రాయి అయిన ఇసక. వాన దానిమీద పడి జారిపోతుందే తప్ప అందులోంచి కరిగించుకునేది చాలా తక్కువ. అందుకే శేషాచలం కొండల్లో పాపవినాశనం, ఆకాశగంగ వైపు పారే వాగునీళ్ళలో సున్నం అంతగా ఉండదు. కొండ దిగి మైదానానికి వస్తే కథ మారుతుంది. ఇక్కడ వాన మట్టిలోకి, మెత్తబడిన రాతిలోకి ఇంకి, పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. నిలిచినన్నాళ్ళూ కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటూనే ఉంటుంది. బోరు ఎంత లోతుకి దించితే అంత పాతనీళ్ళు పైకొస్తాయి. మనం బడిలో కఠినజలం, మృదుజలం అని బట్టీపట్టింది దీన్నే.

తిరుపతి ఊళ్ళో కుళాయి నీళ్ళు కొంత కళ్యాణి డ్యామువి, కొంత తెలుగుగంగవి. అది చాలని వీధుల్లో, అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్ళు. ఒకే ఇంట్లో రెండు కుళాయిల్లో రెండు రకాల నీళ్ళు రావడం ఇక్కడ వింత కాదు. వానలు బాగా పడ్డ నవంబరులో ఒక రకం, ఏప్రిల్లో ఒక రకం.

చిత్తూరుకి వెళ్తే ఆ మాత్రం సుఖమూ లేదు. తిరుపతి నుంచి 70 కిలోమీటర్లు. దారంతా మామిడితోటలు, చెరకు, బెల్లం గానుగలు. కాణిపాకం దగ్గర దిగి బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడికి దణ్ణం పెట్టుకుంటే తీర్థంగా పోసేదీ ఆ బావినీళ్ళే. ఊరి మధ్య నీవానది ఉంది గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసకే. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా విడిపోయి చిత్తూరు వేరే జిల్లాగా మిగిలింది. జిల్లాలు రెండయినా బోరు కష్టం మాత్రం ఉమ్మడిదే.

మా ఆడపడుచు కాపురం అక్కడే. వాళ్ళబ్బాయి ఏడో తరగతి. పరీక్షల్లో మంచి మార్కులొస్తే చేపలతొట్టి కొనిస్తామని మాటిచ్చి, కొనిచ్చారు. వాడు ఏరికోరి తెచ్చుకున్నవి నియాన్ టెట్రాలు. వేలి కణుపంత చేప, ఒంటిమీద నీలిగీత, దానికింద ఎర్రగీత. లైటు వేస్తే జరీ అంచు మెరిసినట్టుంటుంది. పన్నెండు తెస్తే నెల తిరిగేసరికి ఆరు మిగిలాయి.

“ఏం చేసేది వదినా, వారానికొకటి రెండు పోతా ఉండాయి. తొట్టి నేనే కడగతా ఉండా. ఆదివారం ఆదివారం నీళ్ళన్నీ పారబోసి, కొత్తనీళ్ళు పడతా ఉండా. పిల్లోడు అన్నం సరిగా తినడం లేదు,” అంది.

నేను తొట్టివైపు వెళ్ళకుండా వంటింట్లోకి వెళ్ళాను. కాఫీకి నీళ్ళు కాచే గిన్నెలో అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉంది. “కందిపప్పు ఎన్ని కూతలకి ఉడుకుతుంది?” అంటే, “బోరు నీళ్ళకైతే ఏడు కూతలొచ్చినా పలుకే వదినా. పప్పుకి క్యాను నీళ్ళే పోస్తా,” అంది. పప్పుకి పనికిరాని ఆ బోరు నీళ్ళే తొట్టికి!

మన పప్పుకీ ఆ చేపకీ ఏం చుట్టరికమంటే, కాల్షియం. అది పప్పుబద్దలో కణాల్ని అతికించే పెక్టిన్‌ని పట్టుకుని గట్టిపరుస్తుంది, అందుకే బద్ద విడదు. చేప సంగతి ఇంకా నాజూకు. నియాన్ పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ఎగువ ప్రాంతం. 1936లో శాస్త్రజ్ఞులు దానికి పేరుపెట్టినప్పుడు, అమెరికాలో అక్వేరియం పత్రిక నడిపిన ఇన్నెస్ పేరు కలిపారు. అక్కడి అడవి వాగుల్లో రాలిన ఆకులు నాని నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ఉప్పూ సున్నం దాదాపు లేవు, కొద్దిగా పులుపు గుణం. చేప ఒంట్లోని ఉప్పుకీ బయటి నీళ్ళలోని ఉప్పుకీ మధ్య బేరం నిమిషం నిమిషం నడుస్తూనే ఉంటుంది. ఆ బేరం ఉన్నట్టుండి తలకిందులైతే చిన్నచేప తట్టుకోలేదు.

నన్నడిగితే, కఠినజలం కంటే ముందు చేపని చంపేది ఆ ‘ఉన్నట్టుండి’ అన్నదే. ఇప్పుడు అంగళ్ళలో దొరికే నియాన్లు చాలావరకు ఆసియా దేశాల్లో పెంచినవి. కొంచెం గట్టినీళ్ళకి మెల్లిగా అలవాటు పడగలవు. కానీ ఆదివారం స్నానంలాగా నీళ్ళన్నీ మార్చేస్తే? ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి తెల్లగా కడిగేస్తే? స్పాంజిలో జిగురుగా ఉండేది మురికి కాదు, చేప విసర్జించిన అమ్మోనియాని హరాయించే బాక్టీరియా కాపురం. శుభ్రమైన ఇల్లాలి చేతిలో చేప నిలవకపోవడానికి ఇదొక పెద్ద కారణం!

తిరుపతిలో నాకు తెలిసిన చేపల అంగడాయన ఈ విషయంలో నిజాయితీపరుడు. ఆయన సరుకు మద్రాసు కొళత్తూరు నుంచి వస్తుంది. రంగుచేపల పెంపకానికీ అమ్మకానికీ పేరుపడ్డ పేట అది. ఎవరు నియాన్ అడిగినా ఆయన మొదటి ప్రశ్న, “మీ ఇంట్లో బోరా, కుళాయా మేడమ్?” బోరంటే గప్పీలు, మోలీలు చూపిస్తాడు. “ఇవైతే ఆ నీళ్ళలో పుట్టింట్లో ఉన్నట్టుంటాయి మేడమ్.” ఆ మాట నిజమే. మోలీకి గట్టినీళ్ళే హాయి.

పిల్లవాడికి మాత్రం నియాన్లే కావాలి. అందుకని ఇలా చేశాం.

మూడు నాలుగు వందలకి టీడీఎస్ మీటరు దొరుకుతుంది, థర్మామీటరులాగా నీళ్ళలో ముంచడమే. అది చూపించేది కరిగిన లవణాలన్నిటి మొత్తం. కాఠిన్యం ఒక్కటే కాదు, కానీ ఇంటిలెక్కకి చాలు. తాగేనీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. నియాన్‌కి 100, 150 మధ్య ఉంటే కులాసా. బోరు నీళ్ళు 800, ఆర్.ఓ. నీళ్ళు 20 అనుకోండి. ఆర్.ఓ. ఐదు చెంబులకి బోరు ఒక చెంబు కలిపితే సరిగ్గా 150 వస్తుంది. ఉత్త ఆర్.ఓ. నీళ్ళే పోయకూడదు. అందులో పట్టు ఉండదు, పులుపు గుణం ఇష్టమొచ్చినట్టు మారిపోతుంది. స్నానాలగది కుళాయికి బిగించే సాఫ్ట్‌నర్ నీళ్ళూ వద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, మొత్తం లవణం తగ్గదు.

కలిపేది ప్లాస్టిక్ బకెట్లోనే. రాగిచెంబు నీళ్ళు మన ఒంటికి మంచివంటారు గానీ చేపకి రాగి విషం. మెత్తటి నీళ్ళలో మరీ విషం.

ఈ మార్పు కూడా ఒక్కరోజులో కాదు. వారానికి రెండుసార్లు, తొట్టిలో పదోవంతు నీళ్ళు తీసి, కలిపిన నీళ్ళు సన్నధారగా పోయాలి. మున్సిపాలిటీ కుళాయినీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ విరిచే మందు రెండు చుక్కలు ముందే కలుపుకోవాలి.

వానాకాలం మనకి పెద్ద వరం. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ జిల్లాల్ని తడుపుతాయి. 2021 నవంబరులోనైతే తిరుపతిని ముంచెత్తాయి కూడా. మొదటి అరగంట వాన మిద్దెని కడిగిపోనిచ్చి, తర్వాతది డ్రమ్ములో పట్టి గుడ్డ కట్టుకుంటే, ఆర్.ఓ. నీళ్ళకి బదులు అదే. మా అమ్మమ్మ వాననీళ్ళు పప్పుకని దాచేది.

ఇంకోటి బాదంచెట్టు. పెరట్లో, బడి ఆవరణలో ఉండే నాటుబాదం. ఎర్రబడి తనంతట తాను రాలిన ఆకుని కడిగి, ఎండబెట్టి, ఒకటి తొట్టిలో వేస్తే నీళ్ళు లేత టీ రంగుకి తిరుగుతాయి, పులుపు గుణం కాస్త వస్తుంది. నియాన్‌కి ఇది అమెజాన్ వాసన. అయితే సున్నం ఎక్కువున్న నీళ్ళలో ఆకు ప్రభావం రంగు దగ్గరే ఆగిపోతుంది, ముందు నీళ్ళు మెత్తబడాలి. మందులు కొట్టిన చెట్టు ఆకు తేకండి.

తొట్టి అడుగున మా ఆడపడుచు పరిచింది రామేశ్వరం నుంచి తెచ్చిన గవ్వలు, తెల్ల పాలరాతి ముక్కలు. చూడముచ్చటగానే ఉన్నాయి. నిమ్మచెక్క పిండితే బుస్సుమని పొంగాయి. అంటే అవి సున్నం. రోజూ కొంచెం కరుగుతూనే ఉంటాయి. తీసేసి, కడిగిన గ్రానైటు చిప్స్ పరిచాం. కుప్పం గ్రీన్ రాయి పుట్టే జిల్లాలో వాటికి కరువా!

ఎండాకాలం ఒక్కటే నాకు బెంగ. నియాన్‌కి 22 నుంచి 26 డిగ్రీలు సుఖం. మన హాల్లో మే నెలలో నీళ్ళు 32 దాటుతాయి. తొట్టిని పడమటి గోడకి దూరంగా జరిపి, మూత తీసి వల కప్పి, నీళ్ళమీదికి చిన్న టేబుల్‌ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నీళ్ళు ఇగిరిపోతాయి మరి. ఇగిరినంత మేరకు ఆర్.ఓ. నీళ్ళే పోయాలి. ఆవిరయ్యేది నీళ్ళే, సున్నం తొట్టిలోనే మిగులుతుంది. సాంబారు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే.

ఆరింట్లో ఒకటి తర్వాత పోయింది. ఐదు నిలిచాయి, నాలుగు నెలలయింది. గుంపులో ఉంటేనే వాటికి ధైర్యం గనక ఇంకో ఐదు తెచ్చారు. ఈసారి సంచిని తొట్టిలో తేలేసి, సన్నగొట్టంతో బొట్టుబొట్టుగా గంటసేపు నీళ్ళు కలిపాకే వదిలారట. ఆర్.ఓ. మిషను వదిలేసే ఉప్పునీళ్ళతో ఇల్లు తుడుస్తున్నారు. వరండాలో పాత గాజుతొట్టి ఒకటి ఖాళీగా ఉంటే, అందులో ఉత్త బోరునీళ్ళు పోసి నాలుగు మోలీలు వేశారు. అవి అప్పుడే పిల్లల్ని పెట్టాయి.