పుట్టింటికి గుర్తు చెరువే

హైదరాబాద్ హైటెక్ సిటీ అంటే అందరూ బతుకుతెరువు కోసం వచ్చే చోటే గానీ, అది కొందరికి సొంతూరు కూడా అన్న సంగతి మనకు తట్టదు. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజే ఆ నేల పుట్టినట్టు మాట్లాడుకుంటాం. అంతకుముందు అక్కడ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, మణికొండ అనే ఊళ్లున్నాయి. ఊళ్లన్నాక బొడ్రాయి, పోచమ్మ గుడి, చెరువు, చెరువు కింద కాస్త వరి, ఊరవతల పశువులు మేసే కంచ ఉంటాయి. ఆ ఊళ్లలో పుట్టి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లినవాళ్లూ ఉన్నారు. సెలవులకు వాళ్లు ఏ ఇంటికి తిరిగొస్తారు? పాత ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చి ఉంటారు, వాటాకు ఫ్లాట్లు వచ్చి ఉంటాయి. డబ్బు లెక్కలో పోయిందేమీ లేదు, పైగా పెరిగింది. అయినా వచ్చినవాళ్లకు ఇంటికొచ్చినట్టు ఉండదు. ప్రవాసుల రాతల్లో ఈ లోటుకు కారణం ఎప్పుడూ ఒకటే: కూలిన అరుగు, కొట్టేసిన జామచెట్టు. నా లెక్క వేరు. అరుగును మళ్లీ కట్టుకోవచ్చు, జామచెట్టును మళ్లీ నాటుకోవచ్చు. డబ్బు పెట్టి తెచ్చుకోలేనివి ఇంటి ప్రహరీ అవతల ఉన్నవి: చెరువు, గుట్ట, బీడు. పుట్టిల్లు ఒక కుటుంబం ఆస్తిలా కనిపిస్తుంది గానీ, అందులో సగానికి పైగా ఊరి ఉమ్మడి సొత్తు. ఆ సగం పోతే మిగిలిన సగం వట్టి గదులు.

దీనికి సాక్ష్యం కావాలంటే బతుకమ్మను చూడాలి. తెలంగాణలో ఆడబిడ్డ పుట్టింటికి రావడానికి పంచాంగంలోనే గడువు ఉంది. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో పండగ మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగుస్తుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఇంట్లో జరిగేది సగం పండగే: తల్లి కలిపే సద్దులు, వదినా మరదళ్లు కూర్చుని పూలు పేర్చడం. మిగతా సగానికి ఇల్లు చాలదు. తంగేడును, గునుగును ఎవరూ కుండీల్లో పెంచరు. అవి బీళ్లలో, గుట్ట వాలుల్లో, చేల గట్ల మీద వాటంతటవే పూస్తాయి. అంటే దున్నని నేల కొంత మిగిలి ఉండాలి, అక్కడికి ఎవరైనా వెళ్లగలగాలి. పేర్చిన బతుకమ్మ చివరికి నీళ్లలో కలవాలి. అంటే చెరువుండాలి, చెరువు దాకా దారి ఉండాలి. 2014లో ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండగగా ప్రకటించింది. పండగకు కావాల్సిన నేలకూ నీటికీ మాత్రం ఆ హోదా రాలేదు. డాలస్‌లో, లండన్‌లో మనవాళ్లు హాలు అద్దెకు తీసుకుని, కొన్న చామంతులతో పేర్చి, తొట్టిలో నీళ్లు పోసి సాగనంపుతారు. పరాయి దేశంలో అది సర్దుబాటు, ఎవరూ తప్పు పట్టరు. కానీ మణికొండ గేటెడ్ కమ్యూనిటీలోనూ అవే కొన్న పూలు, క్లబ్‌హౌస్ ముందు అదే తొట్టి అయితే, డాలస్ నుంచి వచ్చిన ఆడబిడ్డ పుట్టింటికి వచ్చినట్టా, ఇంకో డాలస్‌కు వచ్చినట్టా?

ఆ ఊళ్లలో పోగొట్టుకోవడానికి ఏముంది, అంతా రాళ్లూ రప్పలే కదా అంటారు. ఆ రాళ్లే ఆ ఊళ్లకు నీళ్లిచ్చాయి. అవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు. బండ మీద పడ్డ వాన నిలవదు, పల్లానికి జారుతుంది. ఆ పల్లానికి అడ్డంగా కట్ట పోస్తే కుంట, ఇంకా పెద్దదైతే చెరువు. ఒకటి నిండి మత్తడి దూకితే కిందిది నిండుతుంది. ఈ గొలుసుకట్టును కనిపెట్టడానికి మ్యాపు అక్కర్లేదు, ఊళ్ల పేర్లు చదివితే చాలు. మణికొండలో కొండ ఉంది, మసీదుబండలో బండ ఉంది, గచ్చిబౌలిలో మెట్లబావి ఉంది, మాదాపూర్ తమ్మిడికుంటలో కుంట ఉంది. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిందని చెబుతారు. ఈ బండల్ని కాపాడాలని 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. సైబర్ టవర్స్ తలుపు తెరుచుకోవడానికి రెండేళ్ల ముందే, పోబోయేది ఏమిటో తెలిసినవాళ్లు ఈ నగరంలో ఉన్నారన్నమాట. తెలియక పోగొట్టుకున్నామని చెప్పుకునే వీలు మనకు లేదు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కంచ గచ్చిబౌలి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అది అడవి అని ఒకరు, కాదు ప్రభుత్వ భూమి అని ఒకరు వాదించారు. ఆ గొడవలో ఊరి పేరు ముందున్న మాట ఎక్కువ వినపడలేదు. కంచ అంటే తెలంగాణ పల్లెలో పశువుల మేతకు, వంటచెరుకుకు వదిలిన బీడు. దాన్ని ఎవరూ దున్నరు, అందరూ వాడుకుంటారు. ఈ మధ్యరకం నేలను మన కొత్త లెక్కలు గుర్తుపట్టలేవు. చట్టం దృష్టిలో అడవైతే కంచె వేసి కాపాడాలి, కాకపోతే వేలం వేయాలి. పక్కనే కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం ధర 100 కోట్లు దాటాక, ఖాళీగా ఉన్న నేల ప్రతిదీ సర్కారు కంటికి ఎవరూ తీయని ఖజానాలా కనిపించడంలో వింతేమీ లేదు. గునుగు పూసేది సరిగ్గా ఆ నేల మీదే.

ఈ వాదనకు అన్నిటికన్నా ముందు వచ్చే అభ్యంతరం ఉద్యోగాలది. అది తేలిగ్గా కొట్టేసేది కాదు. 2022-23 నాటికే హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగుల సంఖ్య 9 లక్షలు దాటింది. ఆ భవనాలు లేకపోతే వీళ్లలో చాలామంది బెంగళూరుకో న్యూజెర్సీకో పోయేవాళ్లు. కొడుకు ఉద్యోగం ఇంటికి పది కిలోమీటర్లలో ఉండటం తల్లిదండ్రులకు ఎంత ధైర్యమో, పండక్కి వీడియోకాల్ చేసే ప్రవాసికన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? ఈ ఐటీ కారిడార్ వలసను పెంచినంతే ఆపింది కూడా. ఒప్పుకుంటాను. అయితే ఐటీకి కావాల్సింది కరెంటు, రోడ్డు, మనుషులు. ఆకాశంలోకి నలభై అంతస్తులు లేచే భవనానికి చెరువు నీళ్లు నిలిచే శిఖం నేలే కావాలన్న నియమం ఏదీ లేదు. భూమి ఖరీదైనప్పుడు బీడుగా ఎలా వదులుతాం అంటే, న్యూయార్క్ నడిబొడ్డున 843 ఎకరాల సెంట్రల్ పార్క్ ఉంది. మన్‌హటన్ భూమి కోకాపేటకన్నా చవక కాదు. అక్కడ పార్కు గీసినవాళ్లు పాత బండల్లో కొన్నిటిని ఉన్నచోటే ఉంచారు, ఇప్పటికీ పిల్లలు వాటి మీద ఎక్కి ఆడుకుంటారు. ఆ పార్కు కోసం 1857లో సెనెకా విలేజ్ అనే, నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉన్న ఊరిని ఖాళీ చేయించిన మచ్చ కూడా దానికుంది. కాబట్టి దాన్ని ఆదర్శమనడం లేదు. ఖరీదైన నగరం కూడా కొంత నేలను అమ్మకుండా ఉండగలదన్నంత వరకే దాని సాక్ష్యం.

రెండో అభ్యంతరం దుర్గం చెరువు పేరు మీద వస్తుంది. 2020 సెప్టెంబర్ 25న అక్కడ తీగల వంతెన ప్రారంభమైంది, గట్టున నడక దారి వేశారు, రాత్రిళ్లు రంగు దీపాలు. ఒకప్పుడు సీక్రెట్ లేక్ అని పిలిచిన చోటును నగరానికి తెరిచాం కదా అంటారు. నిజమే, మురికికూపంగా వదిలేయడంకన్నా ఇది మేలే. కానీ చూసే చెరువు వేరు, వాడుకునే చెరువు వేరు. వంతెన మీద సెల్ఫీ దిగే మనిషికి ఆ నీళ్లలో దిగే పని లేదు. పక్కన కట్టే భవనంలో లేక్ వ్యూ పేరుతో చెరువును చూసే హక్కును కూడా అంతస్తుల వారీగా అమ్ముతారు. అక్కడికి దగ్గరలోనే శిల్పారామం ఉంది. 1992లో మొదలైంది, పల్లెల చేతివృత్తులకు నీడనిచ్చింది, ఆ మేలును కాదనలేం. అందులో టికెట్ కొని లోపలికెళితే మట్టి ఇళ్ల నమూనాలు కనిపిస్తాయి. నిజమైన మాదాపూర్ గేటు బయట పోయింది, నమూనా పల్లె గేటు లోపల మిగిలింది. మళ్లీ చెరువుల సంగతికొస్తే, వాటి ఆక్రమణలను తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ ఆగస్టులో తమ్మిడికుంట ఒడ్డున పెద్ద కన్వెన్షన్ హాలును కూల్చినప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. కట్టడం కూలిస్తే చెరువు రాదు. పైనుంచి నీళ్లు తెచ్చే నాలా తెరుచుకోవాలి, కింది చెరువుకు మత్తడి దారి దొరకాలి, మనుషులకు గట్టు అందాలి. అప్పుడే అది చెరువు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా పదునైనది. మీరు బెంగపడే ఆ ఉమ్మడి సొత్తు ఎప్పుడు అందరిదైంది? ఊరి బావి దగ్గరికి రానివ్వని కులాలుండేవి, చెరువు నీళ్లు ముందు ఎవరి పొలానికి పోవాలో పెత్తందారు నిర్ణయించేవాడు. 1948లో రాజ్యాంగ సభలోనే అంబేడ్కర్ భారతీయ పల్లెను ఎంత కఠినంగా విమర్శించారో తెలిసిందే. ఈ మాటకు ఎదురు లేదు. అందుకే పాత ఊరిని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. వెలివాడ పిల్లలకు సైబరాబాద్ ఇచ్చిన జీతం, అపరిచితత్వం ఇచ్చిన గౌరవం చిన్నవి కావు. కానీ బావి దగ్గర కులం చేసిన పనే ఇప్పుడు చెరువు దగ్గర గేటు చేస్తోంది. వాచ్‌మన్ దగ్గర పేరు, ఫ్లాట్ నంబర్ చెబితేనే గట్టు మీదికి దారి. ఆ గేటు లోపలి అపార్ట్‌మెంట్ కట్టిన పాలమూరు కూలీకి, అందులో గిన్నెలు తోమే ఆమెకు ఆ దారి లేదు. పాత ఊళ్లో ఉమ్మడి సొత్తు కొందరికే అందింది గనుక చేయాల్సిన పని దాన్ని అందరికీ తెరవడం. మనం దాన్ని ఇంకా కొద్దిమందికి రిజిస్ట్రేషన్ చేయించాం.

చివరికి అడిగేది: వెళ్లిపోయినవాళ్లకు ఇలా మాట్లాడే హక్కేమిటి? న్యాయమైన ప్రశ్న. అయితే ప్రవాసులమైన మనం ఈ కథలో ప్రేక్షకులం కాము. లేక్ వ్యూ ఫ్లాట్లకు ముందుగా అడ్వాన్సులు పంపిన డాలర్లలో మన వాటా తక్కువేమీ కాదు. చెరువును చూసుకోవాలని కొన్నాం, ఆ కొనడమే చెరువును తినేసింది. గండిపేట చెరువు ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడిలో ఒక లెక్క ఉంది: కోరిక కోరేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. వీసా కోసం ఆ పదకొండు చేసి విమానమెక్కినవాళ్లు వేలల్లో ఉంటారు. తిరిగొచ్చినప్పుడు అప్పు పెద్దదవుతుందన్న ఆ లెక్కే సొంతూరికీ వర్తిస్తుంది. హక్కు సంగతి పక్కన పెడితే బాధ్యత మాత్రం ఉంది.

అది తీర్చడానికి ఉద్యమాలు అక్కర్లేదు. ఫ్లాటు లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించినంత శ్రద్ధగా, ఆ పక్క చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఎక్కడిదాకా ఉందో, దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని బఫర్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. హెచ్‌ఎండీఏ పటాలు ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. ఊళ్లో ఉన్న అన్ననో తమ్ముణ్నో ఆ నాలా ఎక్కడ మూసుకుపోయిందో అడగండి, కుటుంబంతో మాట్లాడుకోవడానికి భూముల రేట్లకన్నా మంచి విషయం అది. బిల్డరును కూడా ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడినుంచి మా ఇంటి ఆడబిడ్డ, మా ఇంట్లో పనిచేసే ఆమె ఇద్దరూ బతుకమ్మను పట్టుకుని చెరువు దాకా నడిచిపోవడానికి దారి ఉందా? లేదంటే ఆ ఫ్లాటు కొనకండి.