నూటికి 54

పిల్లాడు నూటికి 54 మార్కులు తెచ్చుకుంటే మన ఇళ్లలో ఎవరూ స్వీట్లు పంచిపెట్టరు. అదే 54తో 20 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచిన మనిషి సంగతి చెబుతాను, వినండి.

రోజర్ ఫెదరర్ 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో మాట్లాడాడు. 16 ఏళ్లకే బడి మానేసి పూర్తిగా టెన్నిస్‌లో పడిపోయిన ఆయన, పట్టాలు పుచ్చుకుంటున్న కుర్రకారుకి ఒక లెక్క చెప్పాడు. తను ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లు 1,526. అందులో దాదాపు 80 శాతం గెలిచాడు. సరే, గొప్పే. మరి ఆ మ్యాచ్‌లన్నిటిలో పాయింట్లు ఎన్ని గెలిచి ఉంటాడంటారు? 54 శాతం. అంతే!

నాకు ఇది విన్నాక చాలాసేపు వేరే పని మీద మనసు పోలేదు. ఆయన ఆట ఎన్నేళ్లు చూశామండీ! చూసినంతసేపూ గెలుస్తున్నాడనే అనుకున్నాం. నిజానికి ఇంచుమించు రెండు పాయింట్లకొకటి పోగొట్టుకుంటూనే ఉన్నాడు. టెన్నిస్‌లో ప్రతి గేమూ మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది కాబట్టి, సగానికి పైనున్న ఆ నాలుగు శాతమే గేముల దగ్గరికొచ్చేసరికి పెరుగుతుంది, సెట్ల దగ్గరికొచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. ఇన్ని పాయింట్లు పోతున్నప్పుడు పోయినదాని గురించి కుమిలిపోతూ కూర్చుంటే ఆట సాగదని ఆయన అన్నాడు. ఆడుతున్న పాయింటుకి ప్రాణం పెట్టాలి, అది అయిపోగానే వదిలెయ్యాలి. ఆత్మవిశ్వాసమంటే నెగ్గి తీరతానన్న ధీమా అని మనం పిల్లలకు నూరిపోస్తుంటామే, అది సగం మాటేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఓడిన పాయింటును వెంటబెట్టుకుని తిరగకపోవడం మిగతా సగం. కష్టమంతా అక్కడే ఉంది.

ఇది ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణమా అంటే, కాదు. కుర్రతనంలో ముక్కు మీద కోపం, రాకెట్లు విసిరికొట్టేవాడు. ఇటాలియన్ ఓపెన్‌లో ఓ ప్రత్యర్థి అందరూ వినేలా ఒక మాట అన్నాడట: మొదటి రెండు గంటలూ మొగ్గు రోజర్‌దే, ఆ తర్వాత మాత్రం నాదేనని. అమ్మానాన్నలూ కోచ్‌లూ చెప్పీ చెప్పీ అలసిపోయిన సంగతిని ఈ ఎదుటివాడి మాట సూటిగా గుండెల్లో గుచ్చింది. మొదటి రెండు గంటలు ఎవరైనా బాగానే ఆడతారు. కాళ్లు పట్టు తప్పి, మనసు చెదిరే వేళ ఏం చేస్తామన్నదే ప్రశ్న. దాంతో సాధన పెంచాడు. చెమట పట్టకుండా ఆడతాడని జనం మెచ్చుకుంటుంటే ఆయనకు మింగుడు పడేది కాదట. చెమట పట్టేది, ఎవరూ చూడనప్పుడు.

అయితే ఇక్కడ నాదో సందేహం. అన్ని పాయింట్లూ ఒకటేనా? 2019 జూలై 14, వింబుల్డన్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా నొవాక్ జొకోవిచ్. అయిదో సెట్‌లో ఫెదరర్ 8-7తో ముందున్నాడు, సర్వీస్ తనదే, స్కోరు 40-15. అంటే రెండు మ్యాచ్ పాయింట్లు చేతిలో ఉన్నాయి. 38వ ఏడు నిండడానికి నెల కూడా లేదు. మొదటిదానికి ఫోర్‌హ్యాండ్ గీత దాటింది. రెండోదానికి నెట్ దగ్గరికి దూసుకొచ్చాడు. జొకోవిచ్ ఫోర్‌హ్యాండ్‌తో బంతిని అడ్డంగా, అందనంత దూరంగా కొట్టేశాడు. నోటికాడి కూడు జారిపోయింది. 4 గంటల 57 నిమిషాల పోరు 12-12 దగ్గర టైబ్రేక్‌కి వెళ్లి జొకోవిచ్ పరమైంది. మొత్తం పాయింట్లు లెక్కేస్తే ఫెదరర్‌వి 218, జొకోవిచ్‌వి 204! ఎక్కువ గెలిచినవాడే ఓడిపోయాడు. ఆ రోజు టైబ్రేక్‌లు మూడు జరిగాయి, మూడూ జొకోవిచ్‌వే.

కోర్టు చుట్టూ జనం రోజర్, రోజర్ అని అరుస్తుంటే తనకు నొవాక్, నొవాక్ అని వినపడేలా మనసును మలుచుకున్నానని జొకోవిచ్ ఆ తర్వాత చెప్పాడు. పాయింట్లన్నీ ఒకటి కావు, నిజమే. కానీ బరువైన పాయింటును కూడా మామూలు పాయింటులా ఆడగలిగినవాడికే అది దక్కింది. ఫెదరర్ తర్వాతెప్పుడో చెప్పబోయే సూత్రాన్ని జొకోవిచ్ ఆ సాయంత్రం ఆయన మీదే నెగ్గి చూపించాడు.

ఆ ఫైనల్ జరిగిన సెంటర్ కోర్టులోనే అంతకు నాలుగేళ్ల ముందు మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు దాకా వెళ్లింది. గాయాల మీద గాయాలు కావడంతో 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కే కట్టుబడింది. పేరు తెచ్చిపెట్టినదాన్ని వదులుకోవడానికి ఎంత గుండె కావాలి! 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్‌లో మార్టినా హింగిస్‌తో కలిసి రష్యా జోడీ మకరోవా, వెస్నినాలతో తలపడింది. మొదటి సెట్ పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడోదాంట్లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి ఒక్కో గేమూ లాక్కుంటూ 5-5కి తెచ్చారు. వెలుగు తగ్గడంతో పైకప్పు మూసేదాకా ఆట ఆగింది. తిరిగొచ్చి వరసగా రెండు గేములు గెలిచి 7-5తో కప్పు అందుకున్నారు. 2-5 దగ్గర స్కోరుబోర్డు చూస్తూ నీరుగారిపోయి ఉంటే ఆ రెండు గేములు ఆడే అవకాశమే ఉండేది కాదు.

ఈసారి టీవీలో టెన్నిస్ వచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. బంతిని కాసేపు వదిలేసి, పాయింటుకీ పాయింటుకీ మధ్య మనిషిని చూడండి. సర్వీస్ చెయ్యడానికి 25 సెకన్లు గడువుంటుంది. నాదల్ అయితే ఆ వ్యవధిలో ముక్కు, చెవులు, జుట్టు తడుముకునేవాడు, ప్రతిసారీ అంతే. కొందరు రాకెట్ తీగలు సర్దుకుంటారు, కొందరు తువాలుతో మొహం తుడుచుకుంటారు, కొందరు తమ కోచ్ వైపు చూసి విసుక్కుంటారు. ఓ పది పాయింట్లు అలా గమనించి, తర్వాతి గేమ్ ఎవరిదో ఊహించి చూడండి.